గాలికి నీళ్లు పెట్టిన మనిషి

ఆయన సంస్మరణ సభలో మైకు నాకు తప్ప అందరికీ ఇచ్చారు. ఆయనతో కలిసి ఒక్క పాట పాడనివాళ్లు కూడా మాట్లాడారు. వాళ్లింటికి పాలు పోసే మనిషి మాట్లాడాడు. బాగానే మాట్లాడాడు, అది వేరే సంగతి. ఏళ్ల తరబడి ఆదివారం ఆదివారం చర్చిలో ఆయన ఎడమ పక్కన నిలబడి గిటారు వాయించిన నన్ను మాత్రం కుర్చీలు సర్దమన్నారు. సర్దాను. మరిచిపోలేదు.

ఆనాటి నుంచి నేను అడుగుతున్నది ఒక్కటే. ఆయన గిటారును మా చర్చి హాల్లో అద్దాల పెట్టెలో పెట్టి తాళం వేశారు. లోపల గిటారు చుట్టూ తెల్లటి సిలికా జెల్ పాకెట్లను దండలాగా పేర్చారు. మందుల డబ్బాల్లోనూ కొత్త బూట్ల పెట్టెల్లోనూ కనిపిస్తాయే, తేమను పీల్చే చిన్న పొట్లాలు, అవి. ఇప్పుడేమో చలికాలం. మా సంగారెడ్డి గాలిలో ఈ రోజుల్లో అసలే తడి ఉండదు. పెదవి, మడమ, గోడ సున్నం, ఏది దొరికితే అది పగులుతుంది. గిటారు అంటే పలచటి చెక్క. అందులోని తేమంతా పోతే చెక్క కుంచించుకుపోయి ఎక్కడో ఒకచోట నిలువునా చీలుతుంది. ఆ పాకెట్లు తీయించండి అని పాస్టరయ్యకు చెప్పాను, "ప్రార్థనలో పెడదాం బ్రదర్" అన్నారు. సంఘ కార్యదర్శికి రాస్తే వాట్సాప్‌లో జోడించిన చేతుల బొమ్మ పంపాడు. దాని అర్థం అవుననో, కాదనో, ఇక చాలించమనో ఇప్పటికీ తేలలేదు. సభలో మాట్లాడనివ్వలేదు కాబట్టి ఆయన గురించి నాకు తెలిసింది ఇక్కడ రాస్తున్నాను. సభ అయితే ఐదు నిమిషాల్లో అయిపోయేది. ఇప్పుడు అనుభవించండి.

ఆయన మనుషుల కళ్లలోకి చూసేవాడు కాదు, పెదవుల వైపు చూసేవాడు. చలి మొదలైందంటే చాలు, చర్చి గుమ్మంలో ఎవరు "వందనాలు అన్నా" అన్నా ఆయన చూపు నేరుగా వెళ్లి వాళ్ల మూతి మీద వాలేది. ఒకసారి మా పాటల బృందంలోని టీచరమ్మకు కోపం వచ్చింది.

"ఏంది బ్రదర్, గట్ల చూస్తరు?"

"నిన్ను కాదమ్మా, గాలిని చూస్తున్న. నీ పెదిమెలు పగిలినయంటే ఇంటికాడ నా గిటార్‌కు దూప అయితున్నట్టే."

దూప అంటే దాహం. టీచరమ్మ మర్నాటి నుంచి వాసెలిన్ రాసుకుని రావడం మొదలుపెట్టింది. మంచి కొలమానం ఒకటి పాడైపోయిందని ఆయన నా దగ్గర చాలా రోజులు బాధపడ్డాడు.

నిజానికి ఆయనకు కొలమానాలకు కొదవ లేదు. పటాన్‌చెరు వైపు ఒక మందుల ఫ్యాక్టరీలో ఆయన పనే అది. మాత్రలు తయారయ్యే గదుల్లో గాలి తేమగా ఉంటే మాత్రలు మెత్తబడతాయి. అందుకని ఆ గాలిని ఆరబెట్టే మిషన్లు చూసుకునేవాడు. పొద్దంతా కంపెనీలో గాలిలోంచి నీళ్లు తీసేవాడు. సాయంత్రం కంపెనీ బస్సు దిగి, పోతిరెడ్డిపల్లిలో మా వీధిలోకి వచ్చి, ఇంట్లో అదే గాలికి మళ్లీ నీళ్లు పెట్టేవాడు. ఇదేం పద్ధతన్నా అని అడిగితే, "అది కంపెనీ గాలి, ఇది నా గాలి" అనేవాడు, అదేదో పట్టా చేయించుకున్నట్టు.

కంపెనీలో గోడకు రకరకాల మీటర్లు. ఇంట్లో మాత్రం ఆయన మీటరు మా వదిన మడమ. వదిన అంటే ఆయన భార్య. నేను ఆయన్ని అన్నా అనేవాణ్ణి కాబట్టి ఆమె వదిన. ఆమె పొయ్యి ముందు కూర్చుని జొన్నరొట్టెలు కొడుతుంటే ఆయన గుమ్మంలో నిలబడి కేకేసేవాడు.

"ఏమే, మడిమ సూపెట్టు."

ఆమె వెనక్కి తిరగకుండానే కాలు చాపేది. ఆయన వంగి పరిశీలనగా చూసి, "ఇంకో తువాల తడపాలె" అని తీర్పు చెప్పి వెళ్లిపోయేవాడు. ఆమె మడమకు ఏదైనా మందు రాసుకుందామంటే ఒప్పుకునేవాడు కాదు. "మందు రాస్తే గాలి సంగతి నాకెట్ల తెల్వాలె?" నేను నవ్వేవాణ్ణి. వదిన నవ్వేది కాదు. రొట్టెను ఇంకాస్త గట్టిగా కొట్టేది.

చలికాలంలో వాళ్లింట్లో నిటారుగా నడిచినవాడు లేడు. దండేల మీద తడి తువ్వాళ్లు, వాటి కింద వంగి పోవాలి. కిటికీకి తడి గోనెసంచి. మంచం పక్కన వెడల్పాటి నీళ్ల గిన్నె, బీరువా మీద ఇంకొకటి. కూర్చోబోతే "ఆగాగు, కింద బకెటున్నది" అనే కేక. ఫ్యాన్ అనే మాట ఎత్తకూడదు. ఇంత ఏర్పాటు మధ్యలో గిటారు తన పెట్టెలో పడుకుని ఉండేది. దాని మెడ పక్కన కన్నాలు పొడిచిన ప్లాస్టిక్ సబ్బుపెట్టె, అందులో తడిపిన స్పాంజి ముక్క. ఆ స్పాంజిని పిండటం ఒక ఆరాధన. పిండేవాడు, మళ్లీ పిండేవాడు, పాత పేపరు మీద అదిమేవాడు, చివరికి తన చొక్కా మీద ఒత్తి చూసేవాడు. చొక్కాకు మరక అంటకపోతేనే అది లోపలికి పోయేది. "దూప తీరాలె, తానం కావొద్దు" అనేవాడు.

ఆ గిటారును నన్ను ముట్టుకోనిచ్చేవాడు కాదు. "నీయి ఉప్పు చేతులు తమ్మీ" అనేవాడు, అందరి ముందరా. నా చేతులకు చెమట పడుతుంది, నిజమే. ప్రపంచంలో ఇంకెవరికీ పట్టదు కాబోలు. క్రిస్మస్ ముందు ఇంటింటికీ తిరిగి పాటలు పాడటానికి ట్రాలీ ఆటో ఎక్కేవాళ్లం. చల్లగాలి తగలకుండా ఆయన గిటారుకు షాలు చుట్టేవాడు. ఆ షాలు వదినది. ఆమె చీరకొంగు కప్పుకుని, పళ్లు టకటకలాడుతుంటే ఆల్టో, అంటే ఆడవాళ్ల కింది స్వరం, పాడేది.

పాస్టరయ్య ప్రార్థన చేస్తున్నప్పుడు శ్రుతి చేసుకోవడం ఆయన ఇంకో అలవాటు. కళ్లు మూసుకున్న సంఘమంతా "ఆమెన్" అనబోతుంటే, మధ్యలో 'టంయ్' మని ఒక తీగ. పాస్టరయ్య ఒకసారి గట్టిగానే అడిగారు. ఆయన ఏమాత్రం తొణకలేదు. "అయ్యగారూ, మీ ప్రార్థన పొడుగు మీకెరుక. మొదట్ల శ్రుతి జేసిన తీగ చివరకొచ్చేసరికి దిగిపోతున్నది. నేనేం జెయ్యాలె?" అప్పటి నుంచి ప్రార్థనలు కాస్త పొట్టిగా మారాయి. ఆయన మా సంఘానికి చేసిన సేవల్లో నేను ఒప్పుకునేది అదొక్కటే.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. చాలా ఏళ్ల కిందట, నేను గిటారు కొత్తగా కొన్న ఏడాది అది. అప్పటికి ఆయన ఇంట్లో తడి తువ్వాళ్లు లేవు, గిన్నెలు లేవు, ఫ్యాన్ హాయిగా తిరుగుతుండేది. ఈ మాట గుర్తుంచుకోండి.

మా వీధిలో సగం ఇళ్లవాళ్లు మందుల కంపెనీల్లో పనిచేసేవాళ్లే. బొల్లారం పోయేవాళ్లు, పటాన్‌చెరు పోయేవాళ్లు. కంపెనీలో మిగిలిపోయిన సిలికా పాకెట్లు ప్రతి ఇంట్లోనూ ఉంటాయి. పదో తరగతి సర్టిఫికెట్ల కవరులో ఒకటి, పెళ్లిచీర మడతలో రెండు, కెమెరా సంచిలో ఒకటి, ఉప్పు డబ్బా మూత కింద ఒకటి. ఏ వస్తువు మీద ప్రేమ ఉంటే దానిలో ఒక పాకెట్ వేయడం మా వీధి ఆచారం. తేమ అంటే చెడుపు, పొడి అంటే భద్రం. కంపెనీ గోడల మీద అదే రాసి ఉంటుంది, మా బుర్రల్లోనూ అదే.

కొత్త గిటారును ఆయనకు చూపించడానికి పాటల బృందం సాధనకు తీసుకుపోయాను. ఆయన తన సంచిలోంచి రెండు దోసిళ్ల పాకెట్లు తీసి, ఆశీర్వదిస్తున్నట్టుగా నా గిటారు పెట్టెలో కుమ్మరించాడు.

"మా కంపెనీల మాలంతా గివ్వే కాపాడ్తున్నయ్. నీ గిటార్ ఎంత?" అని, మిగతావాళ్ల వైపు తిరిగి, "అందరు ఇనుండ్రి. గిటార్ గాని, తబలా గాని, గిట్లనే పెట్టుకోవాలె" అన్నాడు.

అందరూ తలలూపారు. సువార్త తర్వాత మా సంఘంలో అంత శ్రద్ధగా విన్న మాట అదే.

నేను మాట జవదాటలేదు. పాకెట్లలోని గుళికలు రంగు మారితే పాతవి పారేసి కొత్తవి వేసేవాణ్ణి. చలికాలం ముదిరేసరికి గిటారు మెడ మీద అడ్డంగా ఉండే ఇత్తడి బద్దల కొసలు అంచున రంపం పళ్లలాగా బయటికి పొడుచుకొచ్చాయి. మెడలోని కర్ర కుంచించుకుపోతే లోహం కుంచించుకుపోదు కదా, అందుకని. నా అరచేయి గీరుకుపోయింది. ఒకనాటి పొద్దున, మూసి ఉన్న పెట్టెలోంచి 'టప్' మని చప్పుడైంది. తెరిచి చూస్తే పొట్ట మీద, తీగలు కట్టిన చోటి నుంచి కింది అంచు దాకా, ఒకటే చీలిక.

ఆదివారం దాన్ని తీసుకుపోయాను. నా గిటారును ఆయన రెండు చేతులతో పట్టుకున్నది అప్పుడొక్కసారే. చీలిక వెంట బొటనవేలు నడిపించాడు. అందులో గోరు పెట్టి చూశాడు. పెట్టెలోని పాకెట్ల వైపు చూశాడు. ఇంతలో అప్పట్లో డప్పు వాయించే ఒకతను వచ్చాడు. ఇప్పుడు సంఘ కార్యదర్శి అతనే.

"ఏమైందన్నా?"

ఆయన గిటారును నా ఒళ్లో పెట్టేశాడు. "ఏడనో కింద పడేసినట్టున్నడు. పోరగాండ్ల చేతికిస్తే గింతే."

అంతే. అప్పటికి నేను ఉద్యోగస్తుణ్ణి; పోరగాణ్ణి కాదు. ఆ రోజు నుంచి మా సంఘంలో నా పేరు 'గిటార్ పడేసిన తమ్ముడు'. కొత్తగా వచ్చినవాళ్లకు కూడా అలాగే పరిచయం చేస్తారు. ఇప్పటికీ ప్రభువు బల్ల దగ్గర ద్రాక్షారసం గ్లాసుల పళ్లెం నా చేతికి ఇవ్వరు. ఇస్తే పడేస్తానని.

తర్వాతి చలికాలం వాళ్లింటికి పోతే తువ్వాళ్లకు తల తగిలింది. గిన్నెలు, గోనెసంచి, సబ్బుపెట్టె, అన్నీ కొత్తగా వెలిశాయి. ఒక్క పాకెట్ కనిపించలేదు. పాకెట్లు తప్పని మాత్రం ఎవరికీ ఒక్క ముక్క చెప్పలేదు. సంఘంలో అందరూ ఆయన మొదట చెప్పిన మాటే పట్టుకుని ఉన్నారు. మార్చుకున్న మాట ఇంట్లో తలుపులు వేసుకుని పాటించాడు. నేను అవకాశం దొరికినప్పుడల్లా అడిగాను. "అన్నా, నా గిటార్ల పాకెట్లు పోసిందెవరు?" ఆయనకు ఆ క్షణంలోనే దగ్గు వచ్చేది, లేకపోతే బస్సు వచ్చేది.

పోయిన చలికాలం ఆ దగ్గు నిజంగానే వచ్చింది. ఇంట్లో తడి ఉండకూడదని, గోడలకు బూజు పడుతోందని, అది ఊపిరితిత్తులకు మంచిది కాదని డాక్టరు గట్టిగా చెప్పాడు. ఒక సెలవు రోజు మధ్యాహ్నం ఆయన గిటారు పెట్టెను కడుపుకు హత్తుకుని మా ఇంటికి వచ్చాడు. వెనకాలే వదిన, చేతిలో సబ్బుపెట్టె, తువ్వాళ్ల మూట.

"తమ్మీ, జెర ఇది నీ కాడ ఉండనియ్. శివరాత్రి దాటినంక తీస్కపోత."

"ఉప్పు చేతులు గదన్నా నాయి."

"ముట్టుమంటున్ననా? ఉండనియ్యిమంటున్న."

కూర్చోబెట్టి చెప్పడం మొదలుపెట్టాడు. పొద్దున్నే స్పాంజి తడపాలి. పిండాక చొక్కా మీద ఒత్తి చూడాలి. పెట్టె మూత తెరిచి పెట్టకూడదు. ఎండ తగిలే గోడకు ఆనించకూడదు. అన్నీ విన్నాక, ఇన్నేళ్లలో మొదటిసారి ఆయనకు నాతో పని పడింది కదా అని అడిగేశాను.

"గివన్నీ ఎరుకున్నోనివి, అప్పుడు నా గిటార్ల పాకెట్లెందుకు పోసినవన్నా?"

వదిన తలవంచుకుంది. ఆయన మా ఇంటి కప్పు వైపు చూశాడు.

"ముందుగాల ఆ ఫ్యాన్ బంద్ జెయ్యి."

ఆ చలికాలమంతా రోజూ వచ్చాడు. గుమ్మంలోనే నిలబడి నా పెదవులు చూసేవాడు, తర్వాత స్పాంజి చూసేవాడు. నా చేతుల్లో అది బతుకుతోందని నమ్మకం కుదిరాక ఒకనాడు "వాయించు" అన్నాడు. వాయించాను. కళ్లు మూసుకుని విన్నాడు. పాట అయ్యాక, "ఉప్పు చేతులే, గని జెర మెత్తవడ్డయ్" అన్నాడు. దీన్ని ప్రశంస అంటారో అవమానం అంటారో నేను ఇంకా తేల్చుకోలేదు; రెండు ఖాతాల్లోనూ వేసుకున్నాను.

ఈ వానాకాలంలో పోయాడు. గిటారుకు ఏ చింతా లేని కాలం చూసుకుని పోయాడు. ఆయన ఏ పని చేసినా గాలిని చూసే చేసేవాడు.

శివరాత్రి దాటినా ఆయన వెనక్కి తీసుకుపోని గిటారును, తర్వాత ఆయన అల్లుడుగారు మా ఇంటికి కారులో వచ్చి పట్టుకుపోయారు. సబ్బుపెట్టె ఇవ్వబోతే, "సబ్బు మా ఇంట్ల ఉన్నదండీ" అన్నారు. ఆయన దాన్ని చర్చికి ఇచ్చేస్తే, నెల తిరక్కముందే అది అద్దాల పెట్టెలోకి చేరింది. పాకెట్లు పేర్చింది కార్యదర్శి. పోయిన ఆదివారం అతణ్ణి ఆ పెట్టె ముందరే పట్టుకున్నాను.

"గవ్వి తీసెయ్యి బ్రదర్. గిటార్ పగుల్తది."

"ఎట్ల పగుల్తది? అన్న చెప్పిన పద్ధతే గదా. నా చెవులతోని విన్న. నువ్వూ ఉన్నవ్ ఆనాడు."

"తర్వాత ఆయనే మార్చుకున్నడు. ఇంట్ల తడి తువాళ్లు కట్టిండు."

"అవి బట్టలారేసుకున్నరు బ్రదర్. పోయిన మనిషి మీద గిట్ల మాట్లాడొద్దు. ఆయిన తప్పు చెప్పిండంటవా?" అని, కొంచెం గొంతు తగ్గించి, "గిటార్ పడేసింది నువ్వు, పాఠాలు మాకా?" అన్నాడు.

అద్దంలోంచి చూశాను. మెడ అంచున ఇత్తడి కొసలు అప్పుడే బయటికి వస్తున్నాయి. పొట్ట కాస్త లోపలికి కుంగింది. ఈ రెండూ నాకు బాగా తెలుసు. వీటి తర్వాత వచ్చేది ఆ చప్పుడే.

ఇక మిగిలిన సాక్షి వదిన. ఆమె ఇప్పుడు తెల్లాపూర్‌లో కూతురి దగ్గర ఉంటోంది, ఆకాశానికి నిచ్చెన వేసినట్టున్న అపార్ట్‌మెంటులో. గేటు దగ్గర సెక్యూరిటీ వాళ్లు నా ఫోటో తీసుకుని, ఫోను చేసి, పైకి పంపారు. సంఘం కన్నా వాళ్లే నయం, అడిగినదానికి జవాబు చెప్పారు. వదిన బాల్కనీలో కూర్చుని కాళ్లకు ఏదో క్రీము రాసుకుంటోంది. సంగతంతా చెప్పాను.

"ఒక్కసారి వచ్చి చెప్పు వదినా. తువాళ్లు ఎందుకు కట్టిండో నీకొక్కదానికే ఎరుక. నా మాట ఎవరింటలేరు."

"పగిల్తే పగలనియ్" అంది ఆమె, తల ఎత్తకుండా. "నా మడిమలు పగిలినప్పుడు ఎవరడిగిన్రు?"

ఫిర్యాదు చేయడంలో నన్ను మించినవాళ్లు ఉంటారని అంతవరకు తెలియదు. క్రీము డబ్బాకు మూత పెట్టి ఆమే మళ్లీ మాట్లాడింది.

"నీ గిటార్ పగిలిన దినం ఇంటికొచ్చి అన్నం ముట్టలే. మా ఇంట్ల ఉన్న పాకెట్లన్నీ ఏరి, నా చీరలల్లకెల్లి గూడ తీసి, మోరీల పారవోసిండు. 'నేనే పగలగొట్టిన్నే ఆ పోరని గిటార్‌ను' అన్నడు. పోయి చెప్పరాదా అని నేనన్న. 'ఎట్ల చెప్పాలె, అందరి ముందట చెప్పిన గదా' అన్నడు."

"గా మాటే సంఘంల చెప్పు వదినా."

"ఆయన తప్పు ఆయన బతికుండంగ చెప్పలే. ఇప్పుడు ఫోటో ముందట నిలవడి చెప్తనా? నాతోని కాదు తమ్మీ. చాయ్ తాగి పో."

చాయ్ తాగి వచ్చాను. ఆయనకు తెలుసు. ఆ రోజే తెలుసు. అన్నం కూడా మానేశాడట. ఆ అన్నం కబురు ఇన్నేళ్లలో ఒక్కరైనా నాకు చేరవేసి ఉంటే నేను ఎంత కోపం ఆదా చేసుకునేవాణ్ణి! ఇది కూడా నా ఫిర్యాదుల్లో చేర్చుకోండి.

నా గిటారు సంగతి వదిలేశానని ఎవరూ అనుకోవద్దు. నేను ఏదీ వదలను. ప్రస్తుతానికి పక్కన పెడుతున్నాను. ఎందుకంటే ఒకసారి అన్న మాటను వెనక్కి తీసుకోలేక ఆయన ఏళ్ల తరబడి తన ఇంట్లో తానే వంగి నడిచాడు. ఆ మాటే ఇప్పుడు పాకెట్లయి ఆయన గిటారు చుట్టూ కూర్చుంది. దాన్ని వెనక్కి తీసుకోవడానికి ఆయన లేడు, వదిన రాదు. మిగిలింది నేను.

వచ్చే ఆదివారం ఆరాధనలో, ఎవరైనా లేచి తమ అనుభవం చెప్పుకునే సాక్ష్యాల సమయంలో, లేస్తాను. మా సంఘంలో సాక్ష్యం చెప్పడానికి లేచినవాణ్ణి కూర్చోబెట్టే ఆనవాయితీ లేదు, సంతోషం. ఆయన పొరపాటు చేశాడని చెబుతాను. తెలుసుకున్నాడని చెబుతాను. ఇంట్లో దిద్దుకుని బయట దాచుకున్నాడని చెబుతాను. పోయిన మనిషిని తగ్గించానని ఎవరికైనా అనిపిస్తే అనిపించనివ్వండి. ఆయన నన్ను తగ్గించినప్పుడు ఎవరికీ ఏమీ అనిపించలేదు కదా. మైకు ఇవ్వకపోయినా ఫరవాలేదు, నా గొంతు చివరి బెంచీ దాకా వినిపిస్తుంది. చెప్పాక కూర్చోను. పాట ఎత్తుకున్నా కూర్చోను, ప్రార్థన మొదలుపెట్టినా కళ్లు మూయను. పాస్టరయ్యా, కార్యదర్శిగారూ, అల్లుడుగారూ, మీలో ఒకరు లేచి నిలబడి, బొమ్మలతో కాకుండా నోటితో, నాకు జవాబు చెప్పాలి: ఆ పెట్టె తాళంచెవి ఎవరి జేబులో ఉంది?